పక్కదారి పట్టిన చేప

వేసవిలో తారురోడ్డుకి చెప్పులు అంటుకుపోయే ఆ రేవు పట్నానికి పెంగ్విన్లను తీసుకురావాలన్న ఆలోచన ఎవరిదో ఇప్పుడు అడిగితే ఒక్కరూ చెప్పరు. తెచ్చిన కొత్తలో మాత్రం అది తమదేనని చాలామంది పెద్దలు పత్రికలవాళ్లని పిలిచి మరీ చెప్పుకున్నారు. పైదేశం వెళ్లొచ్చిన ఒకాయన అక్కడ పెంగ్విన్లు బారులు తీరి నడవడం చూసి, అంత క్రమశిక్షణ మన జనానికి ఎప్పుడొస్తుందని దిగులు పడ్డాడట. జనానికి నేర్పడం కంటే పక్షుల్ని దించుకోవడం తేలికని అందరూ కలిసి తేల్చారు. సముద్రపొడ్డున పెద్ద చలిమందిరం కట్టారు. ఊరి జనం దాన్ని చలివేంద్రం అనుకుని మొదటి వారమంతా మంచినీళ్ల కోసం సీసాలు పట్టుకొచ్చారు. దాన్ని నడపడానికి శీతల పక్షుల సంరక్షణ మండలి పుట్టింది. మండలికి ఒక కమిషనరు, కమిషనరుకి ఒక విజిలెన్సు విభాగం, విజిలెన్సుకి ఒక జీపు వచ్చాక, అన్నిటికన్నా చివర పక్షులు వచ్చాయి.

చలిమందిరానికి సూపరింటెండెంటుగా లంక జోగినాయుడుగారిని వేశారు. ఆయనకీ పక్షులకీ ఉన్న పరిచయం కోడికూర వరకే. ఉద్యోగమంతా రేషను గోదాముల్లో బియ్యం బస్తాల మధ్య గడిపిన మనిషి. అయితే మండలి లెక్క మండలిది. పక్షుల దగ్గర ఉన్న పనల్లా వేళకి తిండి అందించడం. వేళకి తిండి అందించడంలో చెయ్యి తిరిగినవాళ్లు రేషను శాఖవాళ్లు. కాబట్టి డెప్యుటేషన్ మీద జోగినాయుడు వచ్చాడు. మంకీ క్యాపు, రెండు స్వెట్టర్లు వేసుకుని లోపల కూర్చుంటాడు. బయటికి రాగానే అవన్నీ విప్పి చెమట తుడుచుకుంటాడు. నిజాయితీపరుడు. ఉన్నది ఉన్నట్టు రాసే అలవాటు. ఆ అలవాటే కొంప ముంచింది.

పక్షులకి మండలి ప-1, ప-2 అని నంబర్లు ఇచ్చింది. వాటికి చేపలు వేసే నూకరత్నానికి నంబర్లు గుర్తుండవు. రేవులో చేపలమ్మే ఇంట పుట్టిన మనిషి. ఆవిడకి తోచిన పేర్లు ఆవిడ పెట్టుకుంది. ప-4 ముత్యాలమ్మ. దాని మొగుడు ప-7 బంగారయ్య. ఈ దంపతులు రాళ్లు పోగేసుకుని గూడు కట్టుకుని, గుడ్డు పెట్టి, వంతులవారీగా పొదిగి, ఒక శుభముహూర్తాన బూడిదరంగు బూరుగుదూది ఉండలాంటి పిల్లని బయటపెట్టారు. నూకరత్నం దానికి బుడ్డోడు అని పేరు పెట్టింది. కమిషనరుగారు పత్రికలవాళ్లని పిలిపించి, ఇది మండలి సమష్టి కృషి ఫలితమని ప్రకటించారు. ముత్యాలమ్మ ప్రస్తావన రాలేదు.

వారం తిరక్కుండానే నూకరత్నం ఖాళీ బుట్ట పట్టుకొచ్చి జోగినాయుడు బల్ల ముందు నిలబడింది.

"బాబూ, సేపలు సాల్టం నేదండి. ముత్యాలమ్మ బుట్టడూ మింగేసి ఇంకా నోరు తెరుస్తంది."

"నిన్నటిదాకా సరిపోయాయి కదా?"

"నిన్నటిదాకా దానికి పిల్ల నేదు గదండి!"

జోగినాయుడు పశువైద్యురాలు శమంతకమణిని పిలిపించాడు. ఆవిడది గోదావరి వైపు. మంకీ క్యాపు బదులు తలకి శాలువా చుట్టుకుని తిరుగుతుంది.

"పిల్లని పెంచే జంటకి మామూలు తిండి ఏ మూలకండీ?" అంది ఆవిడ. "తాము బతకాలి, పిల్లకీ పెట్టుకోవాలి. చేపని మింగి, కడుపులో మెత్తబరిచి, మళ్లీ పైకి తెచ్చి పిల్ల నోట్లో పెడతాయండి. పిల్లేమో పూటపూటకీ పెరుగుతుంది. అది పెరిగినకొద్దీ ఇవి చిక్కిపోతాయి. రెట్టింపు పెట్టినా చాలని రోజులొస్తాయండి, ముందే చెబుతున్నాను."

జోగినాయుడు పక్షుల్ని చూడటానికి బిగించిన గాజు అద్దం దగ్గరికి వెళ్లి చూశాడు. ముత్యాలమ్మ బానెడు పొట్టతో తూలుకుంటూ గూటికి వచ్చింది. పిల్ల తల పైకెత్తి తల్లి ముక్కుని టకటకా కొట్టింది. తల్లి వంగింది, నోరు తెరిచింది. పిల్ల ముక్కేమిటి, తలకాయంతా లోపల పెట్టేసింది. ఎవరి నోరు ఎవరిదో తెలియకుండా ఒక నిమిషం రెండూ కలిసిపోయాయి. పిల్ల తల బయటికి తీసేసరికి మెడదాకా చేపపులుసు. జోగినాయుడుకి మొదట ఎందుకో నవ్వొచ్చింది, ఆ తరువాత కళ్లు చెమ్మగిల్లాయి. చలి వల్ల అనుకుని తుడుచుకున్నాడు.

ఆ చెమ్మ ఆరకముందే కూర్చుని, పిల్లని పెంచుతున్న జంటకి అదనంగా చేపలు ఇప్పించండని కేంద్ర కార్యాలయానికి ఉత్తరం రాశాడు. కారణం చెప్పాలి కదా. ఉన్నది ఉన్నట్టు రాశాడు: ప-4 తాను తిన్న చేపలను పిల్ల నోట్లో వేస్తున్నది.

జవాబు ఎన్నడూ లేనంత తొందరగా వచ్చింది.

'మీరు స్వయముగా తెలియజేసిన ప్రకారము, ప-4 అను లబ్ధిదారు తన నిమిత్తము మంజూరైన ఆహారమును తాను వినియోగించుకొనక, మంజూరు జాబితాలో లేని మూడవ వ్యక్తికి తరలించుచున్నట్లు స్పష్టమగుచున్నది. ఇది సరుకును పక్కదారి పట్టించుట కిందకు వచ్చును. అదనపు చేపల విషయము అటుంచి, ఇచ్చిన చేపల విషయము ముందు తేల్చవలసియున్నది.'

ఆ వాక్యాలు జోగినాయుడుకి కొత్త కావు. గోదాముల రోజుల్లో రేషను డీలర్లకి ఆయనే రాసేవాడు, ఇంచుమించు అవే మాటలతో. ఎదుటివాళ్లకి రాసినప్పుడు ఎంతో ఘనంగా ఉండే భాష తనకే తిరిగొస్తే ఇంత దరిద్రంగా ఉంటుందని ఆయన అనుకోలేదు.

మూడో నాడు విజిలెన్సు జీపు వచ్చింది. అందులోంచి విజిలెన్సు అధికారి పరాంకుశంగారు దిగారు. మనిషి సన్నం, మాట లావు. మండలిలో పేనుకి పెత్తనమిస్తే ఏం చేస్తుందో కళ్లారా చూడాలంటే ఆయన తనిఖీకి వచ్చినప్పుడు చూడాలని కిందివాళ్లు చాటుగా అనుకుంటారు.

"నిఘా గోప్యంగా సాగాలి," అంటూ ఆయన ఒక ప్లాస్టిక్ మంచుదిబ్బ వెనక నక్కి కూర్చున్నారు. చలికి పళ్లు టపటపలాడుతున్నా కదల్లేదు. ముత్యాలమ్మ తిండి తిని గూటికి వచ్చింది, వంగింది, పిల్ల నోట్లో పెట్టడం మొదలుపెట్టింది. పరాంకుశం ఒక్క ఉదుటున లేచారు.

"రెడ్‌హ్యాండెడ్‌గా దొరికింది!"

"దానికి సేతులేవండి బాబూ?" అంది నూకరత్నం.

ఆయన వినిపించుకోలేదు. జోగినాయుడు వైపు తిరిగి, గొంతులో నిజమైన బాధతో అన్నారు: "నా సర్వీసంతా తిన్నవాళ్ల చేత కక్కించడానికే సరిపోయిందండీ. ఎందరెందరి వెంటో పడ్డాను. ఒక్కడూ కక్కలేదు. ఇదేమిటండీ, ఎవరూ అడక్కుండా కక్కుతోంది!"

"మరైతే మెచ్చుకోవాలి కదండీ," అన్నాడు జోగినాయుడు.

"మెచ్చుకోవడానికి నాకు అధికారం లేదు. పట్టుకోవడానికే ఉంది."

అక్కడికక్కడే షోకాజు నోటీసు తయారైంది. నిబంధన ప్రకారం దాన్ని నిందితుడి స్వహస్తానికి అందించాలి. పరాంకుశంగారు వంగి ముత్యాలమ్మ ముందు పెట్టారు. అది కాగితాన్ని అటూ ఇటూ చూసి, ముక్కుతో పట్టుకుని తీసుకెళ్లి పిల్ల కింద పరిచింది. 'నోటీసు స్వీకరించెను' అని ఆయన రాసుకున్నారు. గడువులోగా సంజాయిషీ రాలేదు. 'సంజాయిషీ ఇచ్చుటకు నిరాకరించెను' అని మళ్లీ రాసుకున్నారు. కేసు గట్టిపడింది.

ఉత్తర్వులు వచ్చాయి. లబ్ధిదారు తనకిచ్చిన చేపలను భోజనస్థలములోనే భుజించవలెను. భుజించిన ఆహారము పూర్తిగా జీర్ణమగు వరకు గూటికి పోరాదు. భోజనస్థలానికీ గూళ్లకీ మధ్య ఇనుపవల తలుపు బిగించారు. దాని దగ్గర ఒక కాపలావాడిని పెట్టారు. ఏ పక్షికి ఎంత అరిగిందో చూసి వదలడం అతని పని. అరుగుదల బయటి నుంచి ఎలా తెలుస్తుందని అతను అడిగితే, అనుభవం మీద తెలుస్తుందన్నారు. పాపం అతను రోజంతా పక్షుల పొట్టలకేసి చూస్తూ గడిపేవాడు. ఆఖరికి ఇంటికెళ్లి సొంత పిల్లల పొట్టలు కూడా తడిమి చూస్తున్నాడని వాళ్లావిడ వచ్చి మొర పెట్టుకుంది.

తలుపుకి ఇవతల ముత్యాలమ్మ, బంగారయ్య కడుపు నిండా చేపలతో నిలబడి గాడిదల్లా ఓండ్రపెట్టేవి. అవతల గూట్లోంచి బుడ్డోడు సన్నగా కుయ్‌కుయ్‌మనేవాడు. తలుపు తీసేసరికి పెద్దల కడుపులు ఖాళీ. పిల్ల ముక్కు మీద కొట్టి కొట్టి అలిసిపోయి అక్కడే కూలబడేది. శమంతకమణి ఇంటి నుంచి చేప మెత్తగా నూరి తెచ్చి చుక్కలమందు గొట్టంతో పట్టబోయింది. వాడు నోరు బిగించి తల తిప్పేసుకున్నాడు. బలవంతాన లోపలికి పోయిన నాలుగు చుక్కలతో ప్రాణం నిలిచింది, అంతే.

జోగినాయుడు పిల్లకి విడిగా తిండి మంజూరు చెయ్యమని బతిమాలుతూ మళ్లీ రాశాడు. కమిషనరుగారు దయగలవారు. బాలల పోషణ వేరే విభాగం కిందకి వస్తుందని గుర్తించి, కాగితాన్ని శిశుపోషణ విభాగానికి పంపారు. వాళ్లు నిబంధనలు తిరగేశారు. ఆరేళ్లలోపు ప్రతి బిడ్డకీ రోజూ ఒక ఉడికించిన కోడిగుడ్డు ఇవ్వాలని ఉంది. బిడ్డ అంటే మనిషి బిడ్డే అని ఎక్కడా లేదు. బుడ్డోడికి ఆరేళ్లు నిండలేదని శమంతకమణి చేత సర్టిఫికెట్టు రాయించుకుని మరీ, మర్నాడు ఒక అట్టపెట్టె నిండా గుడ్లు దింపారు. నెలకు సరిపడా ఒకేసారి ఇస్తే మళ్లీ మళ్లీ తిరగక్కర్లేదని వాళ్ల ఉద్దేశం.

బుడ్డోడు గుడ్డుకేసి చూసి కళ్లు మూసుకున్నాడు. వాడు మూసుకున్నా మిగతా పక్షులు మూసుకోలేదు. పెట్టె మూత తీసి నూకరత్నం అటు తిరిగిందో లేదో, చలిమందిరంలో ఉన్న పక్షులన్నీ వచ్చి తలా ఒక గుడ్డు దొర్లించుకుపోయి, దాని మీద కూర్చున్నాయి. పెళ్లికానివి కూర్చున్నాయి. ముసలివి కూర్చున్నాయి. దేనితోనూ పడక మూల ఒంటరిగా ఉండే ప-11 కూడా ఒక గుడ్డు సంపాదించి, దగ్గరికొచ్చినవాళ్లని పొడుస్తూ గర్వంగా పొదగడం మొదలుపెట్టింది.

"ఉడకబెట్టిన గుడ్డే తల్లీ అది, లెగే," అని నూకరత్నం ఎంత చెప్పినా వినలేదు.

గుడ్డు మీద కూర్చున్న పక్షి లేవదు. లేవని పక్షి తినదు. బుట్టలో చేపలు మిగలడం మొదలైంది. ఆ నెల నివేదిక కేంద్ర కార్యాలయానికి చేరగానే కమిషనరుగారి నుంచి అభినందన వచ్చింది: 'విజిలెన్సు చర్యల ఫలితముగా చేపల వినియోగము గణనీయముగా తగ్గుటయు, అదే సమయమున పొదుగుచున్న పక్షుల సంఖ్య పలురెట్లు పెరుగుటయు హర్షణీయము. తక్కువ ఆహారముతో అధిక సంతానము అను మండలి లక్ష్యము నెరవేరినది.' మండలికి అలాంటి లక్ష్యం ఒకటుందని జోగినాయుడుకి అప్పుడే తెలిసింది.

ఆ మధ్యాహ్నం శమంతకమణి బుడ్డోడిని తువ్వాల్లో చుట్టి తెచ్చి ఆయన బల్ల మీద పెట్టింది. మొన్నటి దూది ఉండ ఇప్పుడు తడిసి పిండిన గుడ్డపీలికలా ఉంది. డొక్కలు వేళ్లకి తగులుతున్నాయి.

"ఇంకెన్నాళ్లండీ?" అన్నాడు జోగినాయుడు.

"నాళ్లు కాదండి. రేపటికి తల్లి చేత తిండి తినకపోతే ఇక లేవదు."

ఆయన చెయ్యి చాపి పిల్ల తల మీద వేలు ఆనించాడు. పిల్ల కళ్లు తెరవకుండానే ముక్కెత్తి ఆ వేలిని టక్‌టక్‌మని రెండుసార్లు కొట్టింది. మూడోసారి కొట్టే ఓపిక లేక తల వాల్చేసింది. దీన్ని చంపుతున్నది పరాంకుశం కాదు, కమిషనరు కాదు, తాను రాసిన ఆ ఒక్క వాక్యమే. అలా అనుకున్నాక ఆయనకి కుర్చీలో కూర్చోబుద్ధి కాలేదు.

పరాంకుశం ఆ రోజు తనిఖీలోనే ఉన్నారు. గది మూల క్యారేజీ విప్పుకుని భోంచేస్తున్నారు. జోగినాయుడు వెళ్లి ఎదురుగా నిలబడ్డాడు. క్యారేజీ పై గిన్నెలో బూరెలు కనిపించాయి.

"పండగేమీ లేదే, బూరెలు?"

"మా అక్కయ్య పంపిందండి, మా అమ్మ కోసం," అన్నారు పరాంకుశం, ముఖం విప్పారుతుండగా. "మా అమ్మ ఒక్కటీ తినదు. నాకిష్టమని ఇలా క్యారేజీలో పెట్టేస్తుంది. ఎనభై దాటినా ఆ అలవాటు పోలేదు."

"అంటే మీ అమ్మగారికి వచ్చినవి మీరు తింటున్నారు."

పరాంకుశం చేతిలో బూరె నోటిదాకా వెళ్లి ఆగింది. "అది వేరు," అన్నారు. "మా అమ్మ లబ్ధిదారు కాదు." బూరె నోట్లో పెట్టుకున్నారు గాని, నమలడంలో మునుపటి హుషారు లేదు.

ఈయనతో న్యాయం మాట్లాడి లాభం లేదని జోగినాయుడుకి అర్థమైంది. ముల్లుని ముల్లుతోనే తియ్యాలి, రూలుని రూలుతోనే తియ్యాలి. గోదాములో ఏం చేసేవాళ్లు? వానకి తడిసి ముక్కిపోయిన బియ్యాన్ని పాడైన సరుకు కింద రాసేస్తే, ఆ తరువాత దాన్ని ఎవరు ఎత్తుకుపోయినా, పందులు తిన్నా, పై నుంచి ఒక్కరూ అడిగేవాళ్లు కాదు. సరుకుగా ఉన్నంతసేపే దానికి కాపలా. చెత్త అయ్యాక దానికి స్వేచ్ఛ.

ఆయన పరుగులాంటి నడకతో శమంతకమణి దగ్గరికి వెళ్లాడు.

"డాక్టరుగారూ, ముత్యాలమ్మకి వాంతులని రాయండి."

"వాంతులేమిటండీ? శుభ్రంగా పిల్లకి పెట్టుకుంటుంటేను!"

"కడుపులోది పైకి వచ్చిందా, లేదా?"

"వచ్చింది."

"వైద్యశాస్త్రంలో దాన్నేమంటారు?"

ఆవిడ ఆయనకేసి ఒక క్షణం చూసింది. తరువాత శాలువా సర్దుకుని, కలం తీసుకుని, చక్కని అక్షరాలతో రాసింది: ప-4, ప-7 లు దీర్ఘకాలిక వాంతుల వ్యాధితో బాధపడుచున్నవి; గూటి వద్ద విశ్రాంతి తప్పనిసరి; కోల్పోయిన ఆహారమునకు బదులుగా రోగుల కొలత ప్రకారము చేపలు అడిగినన్ని ఇవ్వవలెను.

పరాంకుశం కాగితం చదివి మీసం దువ్వుకున్నారు. "అయితే ఇది ఆహార తరలింపు కాదు. అనారోగ్యం. మరి ఆ బయటపడిన పదార్థం?"

"వ్యర్థమండీ."

"వ్యర్థాన్ని అలా వదిలెయ్యడానికి వీల్లేదు. తక్షణం శుభ్రపరచాలి. ఎవరు శుభ్రపరుస్తారు?"

జోగినాయుడు గొంతు సవరించుకున్నాడు. "గూటి దగ్గరే ఉండే ఒక కుర్రాడున్నాడండి. పొరుగు సేవల కింద తీసుకుందామని."

"జీతం?"

"అక్కర్లేదండి. ఎత్తింది తినేస్తాడు."

పరాంకుశం ముఖంలో వెలుగు వచ్చింది. జీతం లేని ఉద్యోగి, చీపురు అడగని పారిశుద్ధ్యం, చెత్త మిగలని చెత్తబుట్ట! ఫోనులో విన్న కమిషనరుగారు ఆ పూటే నియామకపు ఉత్తర్వు ఇచ్చారు. మండలి చరిత్రలో అంత వేగంగా కదిలిన కాగితం లేదు. రోగులని భోజనస్థలంలో నిలబెట్టకూడదు కాబట్టి ఇనుపవల తలుపు తీసేశారు. కాపలావాడు ఇంటికెళ్లి హాయిగా నిద్రపోయాడు.

తలుపు తియ్యగానే ముత్యాలమ్మ పరుగు చూడాలి. రెండుసార్లు బోర్లా పడింది, లేచింది, గూటికి చేరి పిల్లని ముక్కుతో కుదిపింది. పిల్ల కదల్లేదు. మళ్లీ కుదిపింది. బుడ్డోడు తల కాస్త ఎత్తాడు. తల్లి తానే వంగి, వాడు అడక్కుండానే, నోరు తెరిచి వాడి ముక్కు లోపలికి తీసుకుంది. నూకరత్నం కొంగు నోట్లో కుక్కుకుని ఏడిచింది. జోగినాయుడు మంకీ క్యాపు ముఖం మీదకి లాక్కుని అవతలికి తిరిగాడు.

ఇక బుడ్డోడికి తిరుగులేదు. చేపలు బుట్టలు బుట్టలుగా వచ్చాయి, రోగులు ఇష్టంగా వాంతి చేసుకున్నారు, పారిశుద్ధ్య సిబ్బంది పొట్ట బుడగలా పెరిగింది. గుడ్ల మీద కూర్చున్న పక్షుల్ని శమంతకమణి ఒక్కొక్కటిగా బుజ్జగించి లేపింది. ప-11 మాత్రం తన గుడ్డు ఇవ్వలేదు. వాసన వచ్చేదాకా పొదిగింది.

అంతా సర్దుకుందనుకుంటే, ఏడాదికోసారి వచ్చే స్వచ్ఛతా దినం వచ్చిపడింది. ఉత్తమ సేవకుడి ఎంపిక కోసం కమిషనరుగారు అన్ని విభాగాల నివేదికలూ తెప్పించి చూస్తే, ఒక్కపూట సెలవు పెట్టకుండా, సమ్మె చెయ్యకుండా, జీతం అడక్కుండా పనిచేస్తున్న సిబ్బంది చలిమందిరంలో ఒక్కడే తేలాడు. సన్మానం పనిచేసే చోటే జరగాలని ఆయన పట్టుబట్టారు.

చలిమందిరం లోపలే వేదిక వేశారు. పెద్దలంతా శాలువాలు, మఫ్లర్లు చుట్టుకుని వణుకుతూ కూర్చున్నారు. ఊరి జనాన్ని అద్దం అవతల నిలబెట్టారు. జోగినాయుడుకి వణుకు చలి వల్ల కాదు. కమిషనరుగారు కాగితం మీద తప్ప బుడ్డోడిని ఎప్పుడూ చూడలేదు. ఇవాళ చూస్తారు. వాడు చేసేది పారిశుద్ధ్యం కాదనీ, తల్లి పెట్టిన తిండి తినడమేననీ కళ్లున్న ఎవరికైనా తెలిసిపోతుంది. తెలిస్తే ఇనుపవల తలుపు మళ్లీ పడుతుంది. ఈకలు మార్చుకుని సొంతంగా నీళ్లలో దూకి తినేదాకా వాడికి ఇంకా తల్లి నోరే దిక్కు.

నూకరత్నం బుడ్డోడిని ఎత్తుకొచ్చి వేదిక మీద దింపింది. కమిషనరుగారు ప్రసంగం మొదలుపెట్టారు.

"స్వచ్ఛత చీపురుతో మొదలవదు. చిత్తంతో మొదలవుతుంది. వ్యర్థాన్ని చూసి ముక్కు మూసుకునేవాడు సామాన్యుడు. ముక్కు పెట్టేవాడు కర్మయోగి..."

బుడ్డోడు ఆయన కాళ్ల దగ్గర నిలబడి పైకి చూస్తున్నాడు. పైన ఒక పెద్ద నోరు ఆగకుండా తెరుచుకుంటోంది, మూసుకుంటోంది. వాడికి తెలిసినంతలో తన ఎదుట నోరు తెరుచుకుందంటే అది తన కోసమే. పతకం వెయ్యడానికి కమిషనరుగారు కిందికి వంగారు. ఫొటోగ్రాఫర్లు నవ్వమన్నారు. ఆయన నవ్వారు. వాడు ఆయన పెదవిని టకటకా కొట్టి, తెరిచిన నోట్లో ముక్కు పెట్టాడు.

ముక్కు లోపల పెట్టి వాడు చాలాసేపు ఎదురు చూశాడు. ఏమీ రాలేదు.

"ఆకలేస్తంది బాబూ దానికి, ఏటైనా పెట్టండి!" అని నూకరత్నం నోరు జారింది.

వాడు ముక్కు బయటికి తీసి, పక్కనున్న పెద్దల దగ్గరికి వెళ్లి ఒక్కొక్కరి మోకాలి మీదా కొట్టాడు. ఒక్కరూ వంగలేదు. వరస చివరిదాకా వెళ్లి అక్కడ ఆగి, గొంతెత్తి కుయ్‌మన్నాడు.

ఆ కేకకి ముత్యాలమ్మ వచ్చింది. ఒంటి మీంచి నీళ్లు కార్చుకుంటూ, పెద్దల కాళ్ల మధ్య నుంచి దారి చేసుకుంటూ, వేదిక ఎక్కి వచ్చింది. ఎవరినీ చూడలేదు. కెమెరాలన్నిటి ఎదుటా వంగి, నోరు తెరిచి, పిల్లకి పెట్టింది. అద్దం అవతల ఆడవాళ్లు చేతులు ఎత్తి చూపించుకుని నవ్వుకున్నారు. చంకలో పిల్లలున్నవాళ్లు పిల్లల్ని పైకెత్తి చూపించారు. అదేమిటో అక్కడ ఒక్కరికీ చెప్పనక్కర్లేకపోయింది.

కమిషనరుగారు మూతి తుడుచుకున్నారు. కనుబొమలు దగ్గరకి వచ్చాయి.

"ఇదేమిటి?" అన్నారు.

జోగినాయుడు జీవితంలో ఏనాడూ ఉన్నది లేనట్టు చెప్పని మనిషి. తల్లి గొంతులో తలపెట్టి ఆత్రంగా తింటున్న బుడ్డోడిని చూశాడు.

"పారిశుద్ధ్యమండీ," అన్నాడు.

కమిషనరుగారు నమ్మలేదు. పరాంకుశం వైపు తిరిగారు. పట్టుకోవడానికే అధికారమున్న మనిషి. మంచుదిబ్బ వెనక గంటలకొద్దీ నక్కి ఇదే దృశ్యాన్ని పట్టుకున్న మనిషి. జోగినాయుడు కళ్లు మూసుకున్నాడు.

పరాంకుశం లేచి నిలబడ్డారు. ముత్యాలమ్మకేసి కాసేపు చూశారు. ఆ పెద్దపక్షి మెడ సన్నబడింది, రొమ్ముటెముక పైకి తేలింది, పిల్ల మాత్రం గుండ్రంగా ఉంది.

"పారిశుద్ధ్యమే సర్," అన్నారు.

సరిగ్గా అప్పుడే బంగారయ్య కూడా నిండుపొట్టతో తూలుకుంటూ వేదిక ఎక్కాడు. బుడ్డోడు తల్లిని వదిలి తండ్రి ముక్కు మీద కొట్టడం మొదలుపెట్టాడు.

"మరి ఇది?" అన్నారు కమిషనరుగారు.

జోగినాయుడు నోరు తెరవాల్సిన అవసరం రాలేదు.

"అది సెకండ్ షిఫ్టు సర్," అన్నారు పరాంకుశం.